కారు తాళం చదవడానికి ఏ టూల్ కొనాలి? ముందు మీ రోడ్డు మీద కార్లు చూడండి

ఈ ఎపిసోడ్‌లో కారు తాళాలు చదవడం, అంటే డీకోడింగ్, దానికి ఏ టూల్స్ కొనాలి అన్న విషయం మాట్లాడుకుందాం. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఆన్‌లైన్‌లో ముప్ఫై టూల్స్ ఉన్న కిట్ ఒకటి ఉంది, కొనెయ్యమంటారా?"

నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ రోడ్డు మీద ఏ కార్లు తిరుగుతున్నాయి?" దానికి జవాబు చెప్పలేకపోతే కిట్ కొనొద్దు. ఎందుకంటే ఒక్కో టూల్ ఒక్కో రకం తాళానికే పనికొస్తుంది. ముప్ఫై కొంటే అందులో నాలుగైదు రోజూ పనిచేస్తాయి, మిగతావి సంచిలో తుప్పు పడతాయి. చిన్న ఊళ్లో పని చేసుకునేవాడికి ఆ డబ్బు చిన్న డబ్బు కాదు.

నేను పని చేసేది ఏటికొప్పాకలో. అనకాపల్లి జిల్లా, ఎస్. రాయవరం మండలం, వరాహ నది పక్కన ఊరు. లక్క బొమ్మలంటే మా ఊరి పేరు చెప్తారు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఈ బొమ్మలతోనే చేశారు. బొమ్మలు కొనుక్కోవడానికి బయటి ఊళ్ళ కార్లు వస్తుంటాయి. ఇటు హైవే దగ్గర, ఎలమంచిలి, అడ్డరోడ్డు, నక్కపల్లి నుంచి ఫోన్లు వస్తుంటాయి. అంటే ఊరు చిన్నదైనా కార్లు మాత్రం రకరకాలు. అందుకే టూల్స్ ఎంచుకోవడం గురించి నాకు కొంచెం గట్టి అభిప్రాయాలున్నాయి.

తెరవడం వేరు, చదవడం వేరు

ఈ తేడా బాగా అర్థమైతే మిగతాదంతా తేలికే. కస్టమర్ రెండు రకాలుగా వస్తాడు. ఒకడి కీ కారు లోపల ఉండిపోయింది. వాడికి తలుపు తెరుచుకుంటే చాలు. రెండోవాడి కీలు మొత్తం పోయాయి. వాడికి తలుపు తెరిచిపెడితే ఏం లాభం? కారు కదలదు. వాడికి కొత్త కీ కావాలి. కొత్త కీ కొయ్యాలంటే ఆ తాళం లోపల ఏ పలక ఎంత ఎత్తులో ఉందో అంకెల్లో తెలియాలి. ఆ అంకెలు రాబట్టడమే డీకోడింగ్.

మన ఇంటి తలుపులకి వేసే కొన్ని తాళాల్లో పిన్నులు ఉంటాయి. కార్లలో ఎక్కువగా వేఫర్లు ఉంటాయి. వేఫర్ అంటే పల్చటి లోహపు పలక. మధ్యలో కిటికీలాంటి రంధ్రం, పక్కన చిన్న స్ప్రింగు. కీ లేనప్పుడు ఆ స్ప్రింగు పలకని బయటికి నెట్టి ఉంచుతుంది. పలక కొస వెళ్ళి బయటి గూడులో ఇరుక్కుంటుంది, దాంతో బ్యారెల్ తిరగదు. సరైన కీ పెడితే దాని మీద ఉన్న కోతల వల్ల పలకలన్నీ ఒకేసారి లోపలికి సర్దుకుంటాయి. ఏ కొసా బయటికి పొడుచుకురాదు. అప్పుడు బ్యారెల్ తిరుగుతుంది.

పలకల ఎత్తులు ఇష్టం వచ్చినట్టు ఉండవు. కంపెనీ మూడో, నాలుగో, ఐదో ఎత్తులు ముందే నిర్ణయించి పెట్టుకుంటుంది. ఉదాహరణకి ఫోక్స్‌వాగన్ పోలో, స్కోడా ర్యాపిడ్ లాంటి కార్లకి వాడే హెచ్‌యూ66 అనే రకం తీసుకోండి. దాంట్లో ఎనిమిది స్థానాలు, ఒక్కో స్థానానికి నాలుగు ఎత్తులు. నాలుగుని ఎనిమిది సార్లు హెచ్చవేస్తే 65,536. కాగితం మీద అన్ని రకాల కీలు సాధ్యం. అందులో మన కస్టమర్‌ది ఒక్కటే. టూల్ చేసే పని ఆ ఒక్కదాన్ని చూపించడం.

ఒక ఎత్తుకీ ఇంకో ఎత్తుకీ తేడా ఎంతంటే అర మిల్లీమీటరు అటూఇటూ. మా ఊళ్లో లేత్ మీద అంకుడు కర్రతో కుంకుమ భరిణెలు తిప్పేవాళ్ళని ఎప్పుడైనా చూడండి. మూత అంచు కొంచెం ఎక్కువ గీస్తే వదులైపోతుంది, తక్కువ గీస్తే పట్టేస్తుంది. తాళంలో కూడా అంతే. కొలత ఒక మెట్టు తప్పిందంటే కీ లోపలికి వెళ్తుంది గానీ తిరగదు. బలవంతంగా తిప్పితే కొత్త కీ విరిగి లోపల ఉండిపోతుంది. అప్పుడు పని రెండింతలు.

టూల్ తీసేముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

చాలామంది ఫోన్ రాగానే సంచి తగిలించుకుని పరిగెడతారు. ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఇంట్లో రెండో కీ ఉందా? ఉంటే డీకోడింగ్ అక్కర్లేదు. ఆ కీనే కొలిచి ఇంకోటి కొయ్యొచ్చు. "ఎక్కడో ఉండాలి" అంటే ముందు వెతకమనండి. బీరువాలో దొరికితే వాళ్ళకి డబ్బు ఆదా.

రెండు, కారు కొన్నప్పుడు కీలతో పాటు చిన్న ప్లేటు ఇచ్చారా? చాలా కంపెనీలు కీ గుత్తికి ఒక చిన్న రేకు ముక్క తగిలించి ఇస్తాయి, దాని మీద కీ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఉంటే కోడ్ సాఫ్ట్‌వేర్‌తో కోతలు తెలిసిపోతాయి. తాళం ముట్టుకోవాల్సిన పనే లేదు. కారు యజమానులు ఈ ఎపిసోడ్ చూస్తుంటే ఒక్క మాట: ఆ ప్లేటుని కీ గుత్తికే ఉంచకండి. కీ పోతే అదీ పోతుంది, దొరికినవాడికి నంబరు కూడా చేతికొస్తుంది. ఆర్సీ కాగితాలతో పాటు ఇంట్లో దాచండి.

మూడు, బటన్ స్టార్ట్ కారా, కీ తిప్పి స్టార్ట్ చేసేదా? బటన్ స్టార్ట్ కార్లలో రిమోట్ లోపల చిన్న ఇనప కీ దాగి ఉంటుంది. అది తలుపు తెరవడానికి మాత్రమే. అక్కడ తాళం చదవడం కంటే రిమోట్ ప్రోగ్రామింగ్ పెద్ద పని. ఆ సామాను మీ దగ్గర లేకపోతే ఫోన్‌లోనే చెప్పెయ్యండి. ఇరవై కిలోమీటర్లు వెళ్ళి చేతులెత్తెయ్యడం కంటే అదే మర్యాద.

తాళం చదివే దారులు, వాటి టూల్స్

ఇప్పుడు అసలు విషయం. తాళం చదవడానికి నాలుగు దారులున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో చోట బలం ఉంది.

మొదటిది టూ ఇన్ వన్ టూల్. మార్కెట్లో అందరూ లీషీ అని పిలిచేది ఇదే. చైనా నుంచి వచ్చింది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. చూడటానికి ఆ కారు కీ ఆకారంలోనే పల్చగా ఉంటుంది. లోపల పలకల్ని తాకే చిన్న చెయ్యి, బయట గళ్ళు గీసిన స్కేలు. అడ్డంగా స్థానాలు, నిలువుగా ఎత్తులు. ఒకే టూల్‌తో తెరవడమూ అవుతుంది, ఎత్తులు చదవడమూ అవుతుంది. తాళం పాడవదు, పెయింట్ గీసుకోదు. నా పనిలో ఎక్కువ భాగం దీంతోనే.

దీనికి లోటు కూడా ఉంది. హెచ్‌యూ66 టూల్ హెచ్‌యూ66 తాళానికి తప్ప ఇంకెక్కడా దూరదు. ఒక్కో రకానికి ఒక్కోటి కొనాల్సిందే. చేతికి అలవాటు పడటానికి కూడా నెలలు పడుతుంది. వీడియో చూసి మర్నాడే కస్టమర్ కారు మీద పెట్టే సామాను కాదిది.

రెండోది ఇంప్రెషనింగ్. అంటే ఖాళీ కీ తాళంలో పెట్టి, మెల్లగా ఒత్తిడి ఇచ్చి, పలకలు వేసిన సన్నటి గుర్తులు చూసి ఆకురాయితో రాస్తూ కీ తయారు చెయ్యడం. మన పాత మేస్త్రీలు ఇలాగే చేసేవాళ్ళు. దీనికి కావాల్సింది మంచి సన్నటి ఆకురాయి, మంచి వెలుతురు, భూతద్దం, ఓపిక. ఖర్చు చాలా తక్కువ. టూ ఇన్ వన్ టూల్ దొరకని పాత కార్లకి, ఆటోలకి, వ్యాన్లకి ఇప్పటికీ ఇది పనికొస్తుంది. కానీ కోతలు కీ మధ్యలో గాడిలా ఉండే లేజర్ రకం కీల మీద మామూలు ఆకురాయి పనిచెయ్యదు.

మూడోది ట్రై కీలు. కొద్దికొద్దిగా తేడాలున్న కీల గుత్తి. ఒక్కోటీ పెట్టి కదుపుతూ చూస్తారు. అరిగిపోయిన పాత తాళాలు వీటికి తెరుచుకుంటాయి. కానీ ఇవి తెరుస్తాయి, చదవవు. తలుపు తెరుచుకున్నా మీ చేతిలో అంకెలు ఉండవు. పైగా గట్టిగా కదిపితే ఉన్న పలకలు కూడా అరుగుతాయి. వీటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

నాలుగోది తాళం ఊడదీసి చూడటం. తలుపు లోపలి ప్యానెల్ విప్పి, బ్యారెల్ బయటికి తీసి, పలకలు ఒక్కొక్కటీ చూసి ఎత్తులు రాసుకోవడం. కొన్ని కంపెనీల పలకల మీద అంకె కూడా కొట్టి ఉంటుంది. టైమ్ పడుతుంది కానీ అనుమానానికి చోటుండదు. దీనికి స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, చిన్న పలకలు పోకుండా పెట్టుకోవడానికి ఒక ట్రే ఉంటే చాలు. తలుపు తెరవడం అయ్యాక, చదివిన అంకెల మీద నమ్మకం లేనప్పుడు నేను ఈ దారిలోకి వస్తాను.

మీ ప్రాంతానికి ఏవి కొనాలి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఒక నెల రోజులు వచ్చిన ప్రతి ఫోన్ రాయండి: కారు పేరు, ఏ సంవత్సరం, తాళం రకం, పని అయిందా లేదా. ఫోన్లు ఇంకా రాకపోతే మీ సెంటర్లో టీ బడ్డీ దగ్గర కూర్చుని ఆగిన కార్లు లెక్కపెట్టండి. నవ్వకండి, ఏ కిట్ ప్రకటన కంటే ఆ లెక్కే మీకు ఎక్కువ చెప్తుంది.

టూల్‌ని కారు పేరు మీద కాదు, తాళం గాడి రకం మీద కొనాలి. ఒకే రకం చాలా కార్లకి వస్తుంది. హెచ్‌యూ66 అంటే పైన చెప్పాను, ఫోక్స్‌వాగన్, స్కోడా. హోండాలో సిటీ లాంటి కార్లకి హెచ్‌ఓఎన్66. నిస్సాన్‌లో ఎన్‌ఎస్‌ఎన్14. టొయోటా పాత కార్లలో టీఓవై43. దీన్ని పలకడం "టాయ్ 43" అని పలుకుతారు, మా ఊళ్లో ఆ మాట అంటే బొమ్మలమ్మే నంబరేమో అనుకుంటారు.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్, కొత్త ఫిగో లాంటివాటికి హెచ్‌యూ101. కొందరు అడుగుతారు, ఫోర్డ్ 2021లో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కదా, ఇంకా ఆ టూల్ ఎందుకని. నేను ఉల్టాగా ఆలోచిస్తాను. కొత్త కార్లు రావు, కానీ ఉన్నవి సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. చేతులు మారినప్పుడల్లా రెండో కీ ఎక్కడో పోతుంది. కొత్త కారు ఓనర్ దగ్గర రెండు కీలుంటాయి, మూడో ఓనర్ దగ్గర ఒక్కటే ఉంటుంది. మన పని ఎక్కువగా మూడో ఓనర్‌తోనే.

మారుతీ, హ్యుందాయ్ అయితే మన రోడ్ల మీద ఎక్కడ చూసినా అవే. కానీ "మారుతీ టూల్ ఒకటివ్వండి" అని అడగకండి. ఒకే కంపెనీ ఏళ్ళు గడిచేకొద్దీ, మోడల్ మారేకొద్దీ గాడి మార్చింది. పాత కీ ఉంటే దాని ఫోటో, లేకపోతే తాళం మూతి ఫోటో దగ్గరగా తీసి, అమ్మేవాళ్ళకి చూపించి, రకం ఖాయం చేసుకుని అప్పుడు కొనండి. కియా కూడా అంతే. 2019లో పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో సెల్టోస్ తయారవడం మొదలయ్యాక మన రాష్ట్రంలో ఆ కార్లు బాగా పెరిగాయి, కానీ వాటిలో బటన్ స్టార్ట్ ఉన్నవి, లేనివి రెండూ ఉన్నాయి. మీ దగ్గరికి ఏవి వస్తున్నాయో చూసుకోవాలి.

టూల్ మీద చిన్న అక్షరాలు కూడా చదవండి. ఇగ్నిషన్, డోర్, బూట్ అన్న మూడు మాటల్ని పొట్టిగా చేసి ముద్రిస్తారు. స్టార్ట్ చేసే తాళానికి, తలుపుకి, డిక్కీకి, దేనికి పనికొస్తుందో అక్కడ ఉంటుంది. మూడూ ఉన్నది, తలుపుకి మాత్రమే ఉన్నది రెండూ ఒకే ధర దగ్గర్లో దొరికితే మూడూ ఉన్నదే తీసుకోండి.

నకిలీని ఎలా పట్టుకోవాలి

ఈ టూల్స్‌కి నకిలీలు చాలా ఉన్నాయి. పెట్టె, రంగు, అక్షరాలు అన్నీ అలాగే ఉంటాయి. నకిలీ అని తెలిసేది పనిలో. చెయ్యి అటూఇటూ ఊగుతుంది. గళ్ళ గీతలు ఒక వెంట్రుకవాసి పక్కకి పడి ఉంటాయి. కొస మెత్తటి లోహంతో చేస్తారు, అది నాలుగో రోజుకి వంగుతుంది. తెరవడానికి బానే పనికొస్తుంది, చదవడానికొచ్చేసరికి రెండుని మూడుగా చూపిస్తుంది. డీకోడింగ్‌కి కొనుక్కున్నది చదవలేకపోతే ఎందుకు?

నేను చేసే పరీక్ష చెప్తాను. పాత ఇనప కొట్టులోనో, కారు తుక్కు అమ్మేచోటో కీతో సహా ఒక తాళం కొనండి. ఆ కీని కొలిచి అంకెలు తెలుసుకోండి. ఇప్పుడు ఆ అంకెలు చూడకుండా టూల్‌తో ఐదుసార్లు చదవండి, ప్రతిసారీ విడిగా రాయండి. ఐదుసార్లూ ఒకేలా వచ్చి, అవి కీతో సరిపోతే టూల్ మంచిది, మీ చెయ్యీ కుదిరింది. ఐదుసార్లూ ఒకేలా తప్పు వస్తే టూల్‌లో తేడా. ఐదుసార్లూ ఐదు రకాలుగా వస్తే ఇంకా సాధన చెయ్యాలి. టూల్ తప్పా చెయ్యి తప్పా అన్నది ఇలా విడిపోతుంది.

చదివిన అంకెల్ని నమ్మేముందు

మా వైపు సముద్రం దగ్గర. ఉప్పుగాలి, రోడ్ల పక్క దుమ్ము, వానాకాలం తేమ. రిమోట్ వచ్చాక డ్రైవర్ తలుపు తాళంలో కీ పెట్టేవాళ్ళే తగ్గిపోయారు. ఏళ్ళ తరబడి కదలని పలకలు అతుక్కుపోయి ఉంటాయి. అతుక్కున్న పలక తన అసలు ఎత్తు చెప్పదు. అందుకే టూల్ పెట్టే ముందు తాళంలోకి క్లీనింగ్ స్ప్రే కొట్టి కొన్ని నిమిషాలు ఆగండి. ఇంజన్ ఆయిల్, కొబ్బరి నూనె మాత్రం పోయొద్దు. అప్పటికి జారుతుంది, తర్వాత దుమ్ముతో కలిసి బంకలా తయారవుతుంది. పని అయిపోయాక పొడి లూబ్రికెంట్ కొంచెం కొట్టి వదలండి.

ఇంకో సంగతి. చాలా కార్లలో డోర్ తాళంలో అన్ని పలకలూ ఉండవు. కీ మీద పది కోతలుంటే తలుపులో ఎనిమిదికే పలకలు ఉండొచ్చు. మిగతా రెండు ఇగ్నిషన్‌లో మాత్రమే ఉంటాయి. అప్పుడేం చెయ్యాలి? ఒక్కో స్థానానికి నాలుగు ఎత్తులనుకుంటే, తెలియని రెండు స్థానాలకి నాలుగు నాల్గుల పదహారు అవకాశాలు. కోడ్ సాఫ్ట్‌వేర్‌లో తెలిసిన ఎనిమిది అంకెలు వేస్తే, కంపెనీ నిజంగా వాడిన కోడ్‌లలో సరిపోయేవి మాత్రమే చూపిస్తుంది. పదహారు కాస్తా మూడు నాలుగుకి దిగొచ్చు. సాఫ్ట్‌వేర్ చందా దండగ అనుకునేవాళ్ళు పదహారు ఖాళీ కీలు ఎంతవుతాయో లెక్కేసుకోండి.

పక్కపక్క కోతల మధ్య తేడాకి కూడా ఒక హద్దు ఉంటుంది. లోతైన కోత పక్కనే బాగా ఎత్తయిన కోత ఉంటే కీ లోపలికి జారదు కాబట్టి కంపెనీలు అలాంటివి పెట్టవు. మీరు చదివిన వరసలో అలాంటి పెద్ద గెంతు కనబడితే ఆ స్థానం మళ్ళీ చదవండి. నూటికి తొంభై వంతులు అనుమానం అక్కడే.

అరిగిన కీ గురించి కూడా చెప్పాలి. అరిగిన కీని చూసి అచ్చం అలాగే కోస్తే కొత్త కీ కూడా అరిగిన కీయే. చదివిన ఎత్తుని దగ్గర్లోని కంపెనీ ఎత్తుకి సర్ది, కోడ్ ప్రకారం కొయ్యాలి. అప్పుడే అది కొత్త కారుతో వచ్చిన కీలా తిరుగుతుంది.

అంకెలు వచ్చాయి, తర్వాత?

అంకెలు చేతికొచ్చినా వాటితో కీ కొయ్యగల మిషన్ లేకపోతే లాభం లేదు. పక్క కీని చూసి కోసే పాత మిషన్ మీద కోడ్ ప్రకారం కొయ్యలేం. అంకెలిస్తే తనే కోసే కంప్యూటర్ మిషన్ కావాలి. బ్యాటరీ లోపలే ఉన్నవి వస్తున్నాయి, ఎక్స్‌హార్స్ కంపెనీ డాల్ఫిన్ లాంటివి. ఊళ్ళమ్మట తిరిగేవాడికి, కరెంటు పోయే చోట పనిచేసేవాడికి బ్యాటరీ ఉన్నదే మేలు. మిషన్ కొనే స్థోమత ఇంకా లేకపోతే, మిషన్ ఉన్న టౌన్ మేస్త్రీతో ఒప్పందం పెట్టుకోండి. మీరు అంకెలు వాట్సాప్ చేస్తే ఆయన కోసి బస్సులో పంపిస్తాడు. తప్పేం లేదు.

కీ కోసేశాక కూడా కారు స్టార్ట్ అవ్వకపోవచ్చు. కారణం ఇమ్మొబిలైజర్. మారుతీలో ఐక్యాట్స్ అన్న పేరుతో ఉండేది ఇదే. కీ తలలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపితే చిప్ జవాబు చెప్తుంది. ఆ జవాబు కారు కంప్యూటర్ గుర్తుపడితేనే ఇంజన్ నడుస్తుంది. కాబట్టి చిప్ రాసే టూల్, కారు కంప్యూటర్‌తో మాట్లాడే ప్రోగ్రామర్ కావాలి. ప్రోగ్రామింగ్ మధ్యలో కారు బ్యాటరీ పడిపోతే పెద్ద చిక్కు. ముందు ఓల్టేజ్ చూసి, తక్కువుంటే ఇంకో బ్యాటరీ సాయం పెట్టండి. కీలన్నీ పోయిన కేసైతే పాత కీలని కారు మెమరీ నుంచి తీసెయ్యమని కస్టమర్‌కి మీరే చెప్పండి, వాళ్ళకి తెలియదు. కారు దొంగతనం క్లెయిమ్ అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు ఒరిజినల్ కీలు అడుగుతారు, కీ పోయినప్పుడే ఫిర్యాదు కాగితం ఒకటి తీసి ఉంచుకోమని కూడా చెప్పండి.

సంచి తియ్యకముందు ఆర్సీ

ఈ టూల్ మన చేతిలో ఎలా పనిచేస్తుందో దొంగ చేతిలోనూ అలాగే పనిచేస్తుంది. తేడా అంతా ఎవరి కారు మీద పెడుతున్నాం అన్నదాంట్లోనే ఉంది. అందుకని ఆర్సీ, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూడకుండా నేను టూల్ బయటికి తియ్యను. కాగితాలు కారులోనే ఉండిపోయాయంటే డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఫోన్‌లో చూపించమంటాను. పేరు, బండి నంబరు, ఛాసిస్ నంబరు సరిపోవాలి. కారు వేరేవాళ్ళ పేరున ఉంటే ఓనర్‌తో వీడియో కాల్. తేదీ, నంబరు, సంతకం రిజిస్టర్లో. అన్నీ ఉన్నా మనసుకి నచ్చకపోతే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం రండి అంటాను. నిజమైన ఓనర్ వస్తాడు. నాలుగు వందలు పోతే పోయాయి, పేరు పోతే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మళ్ళీ ఎవరూ పిలవరు. కస్టమర్ కీ అంకెలు కూడా మన దగ్గర దాచుకోకూడదు. పని అయ్యాక ఆ కాగితం వాళ్ళకే ఇచ్చెయ్యండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరసంతా పక్కన పెట్టాలి. లోపల పిల్లవాడో, పెద్దవాళ్ళో ఉండిపోతే. ఎండలో మూసిన కారు నిమిషాల్లో వేడెక్కుతుంది. అప్పుడు ఫోన్‌లోనే చెప్పండి: "నా కోసం ఆగకండి, 112కి ఫోన్ చెయ్యండి, పిల్లవాడికి దూరంగా ఉన్న అద్దం పగలగొట్టండి." అద్దం మళ్ళీ వేయించుకోవచ్చు. తాళం చదవడానికి పట్టే ఇరవై నిమిషాలు అక్కడ చాలా ఎక్కువ.

ఏ వరసలో కొనాలి

మళ్ళీ ఒకసారి గబగబా చెప్పేస్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మొదట ఆకురాయి, భూతద్దం, లైటు, ట్రిమ్ టూల్స్, స్ప్రే, నోటుపుస్తకం. తర్వాత మీ లెక్కలో పైనున్న రెండు మూడు రకాలకి అసలైన టూ ఇన్ వన్ టూల్స్, వాటికి సాధన తాళాలు. తర్వాత కోడ్ సాఫ్ట్‌వేర్. తర్వాత కోతమిషన్. తర్వాత చిప్ టూల్, ప్రోగ్రామర్. కొత్త రకం టూల్ ఎప్పుడు కొనాలంటే, ఆ రకం కారు మూడోసారి మీ దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళినప్పుడు. నోటుపుస్తకంలో అది కనబడుతుంది.

మీ ఊళ్లో ఏ కార్లు ఎక్కువ, ఏ తాళం ఇబ్బంది పెడుతోంది, రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో లేజర్ కీల కోత గురించి మాట్లాడుకుందాం.